బోర్లా పడుకుని విన్న వ్యాసాలు

ఆ మంగళవారం ఉదయం మైక్రోస్కోపులో నల్లటి నలుసులు ఈదుతూ కనిపించాయి. నెల్లూరు వైపు కోట అనే ఊళ్ళో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబ్ నాది. నలుసులు చూడడమే నా వృత్తి కాబట్టి కంగారు పడలేదు. స్లైడు మార్చాను. లెన్సు మూడుసార్లు తుడిచాను. అవి పోలేదు. ఎదురుగా చిల్లకూరు నుంచి వచ్చిన రైతు రమణయ్యన్న కూర్చుని ఉన్నాడు. "నీళ్ళలో ఏదో ఉందన్నా, కొంత మార్చుకో" అని చెప్పేశాను. ఆయన పాపం రెండు రోజులు మోటారు వేసి నీళ్ళు మార్చాడు. చెరువు శుభ్రంగానే ఉంది. నలుసులు నా కుడికంట్లో ఉన్నాయి.

ఈ సంగతి తెలియడానికి నాకు ఆరు రోజులు పట్టింది. మధ్యలో కంటి చివర మెరుపులు వచ్చాయి, ట్యూబులైటు పాడైందనుకున్నాను. ఆదివారం నాటికి కుడికంటి అడుగు నుంచి నల్లటి తెర లేచింది. నా భార్య షకీలా నా ఎడమకన్ను మూయించి, "నేను ఎంతవరకు కనిపిస్తుండా?" అంది.

"ముక్కు దాకా. నోరు కనిపించడం లేదు, ఒక విధంగా మంచిదే" అన్నాను.

ఆమె నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే నెల్లూరు తీసుకుపోయింది.

డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేయించి, లైటు పెట్టి చూసి, "రెటీనా డిటాచ్‌మెంట్. కంటి వెనక పొర ఊడింది. నలుసులు కనిపించిన రోజే వచ్చుంటే బహుశా లేజర్‌తో సరిపోయేది" అన్నారు. ఇప్పుడు విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ బబుల్ పెట్టాలట. చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేమట. నేను మైక్రోస్కోపులో చూసేది కుడికంటితోనే అన్నాను.

"అయితే పొజిషనింగ్ గట్టిగా చేయండి. గ్యాస్ పైకి తేలుతుంది. ముఖం నేలవైపు ఉంటేనే అది రెటీనాను అదిమిపెడుతుంది. రెండు వారాలు. గంటకు పది నిమిషాలు లేవొచ్చు. మిగతాదంతా నేలచూపే."

ఆపరేషన్ సజావుగానే జరిగింది. ఇంటికొచ్చి బోర్లా పడుకున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నమాజుకు పోరా అంటే నడుం నొప్పంటివే. ఇప్పుడు చూడు, రెండు వారాలు నేలకు తల ఆనించి సజ్దాలోనే పెట్టినాడు అల్లా" అంది. రోగిని ఓదార్చడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది.

రెండో రోజుకు గచ్చు మీది టైళ్ళ లెక్క కంఠతా వచ్చేసింది. నాకు పత్రికల్లో నాలుగేసి పేజీల కథనాలు చదివే పిచ్చి ఉంది. చదవడం కుదరదు గనక షకీలా ఫోనులో ఒక యాప్ పెట్టింది. విలేకరులు నెలల తరబడి తిరిగి రాసిన కథనాలను అందులో ఒకాయన చదివి వినిపిస్తాడు, ఒక్కొక్కటి గంటకు తగ్గకుండా.

చదివేటప్పుడు విసుగొస్తే పేరా దాటేయొచ్చు. బోర్లా పడుకున్నవాడికి ఆ స్వేచ్ఛ లేదు, ఫోను ఎక్కడుందో కూడా తెలియదు. ఒకటి అయిపోగానే అడక్కుండానే ఇంకొకటి మొదలయ్యేది. పైగా సంతోషం గురించి గంటసేపు రాసే విలేకరి నాకు తగల్లేదు. మొదటి మూడు రోజుల్లో రెండు నదులు ఎండిపోయాయి, ఒక గని కూలింది, ఒక ఓడ మునిగింది. ఏం జరిగినా ఆ గొంతులో అదే మర్యాద. దిండు నొక్కుకుని ఇయర్‌ఫోన్ పెట్టిన చెవి వాచింది. అప్పటినుంచి స్పీకర్‌లో పెట్టారు. దాంతో అమ్మ కూడా వినడం మొదలుపెట్టింది.

"నువ్వు బాత్రూముకు పోతే ఆపిపో. ఆ ఓడలో వంటాయన బతికినాడో లేదో నాకు తెలియాల" అనేది. ఆ వంటాయన కోసం దువా కూడా చేసింది. నా కంటికి చేసిందో లేదో అడగలేదు.

తొమ్మిదో రోజు రొయ్యల చెరువుల మీదే ఒక కథనం వచ్చింది. నలభై నిమిషాలు నేను కదల్లేదు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు, మేత వాసన, పంట పోయిన రైతు మొహం, అన్నీ ఉన్నాయి. అంతలో ఆ మర్యాదగల గొంతు, వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుందనీ యాంటీబయాటిక్‌తో అదుపులోకి వస్తుందనీ చదివింది.

అది వైరస్. యాంటీబయాటిక్ దాన్నేమీ చేయదు. ఈ ఒక్క ముక్క రైతులకు చెప్పడంలోనే నా జుట్టు సగం పోయింది. లేచి కూర్చున్నాను.

"ఏమండీ, తల!" అని అరిచింది షకీలా.

"తల సంగతి తర్వాత. రమణయ్యన్న ఇది విన్నాడంటే రేపే మందు తెచ్చి చెరువులో పోస్తాడు."

"పోయనీండి. మీరు చెప్పినారని నీళ్ళు మార్చలా? ఆ చెరువుకేమన్నా అయిందా?"

ఆ మాట అన్యాయం. టేబుల్ దగ్గర కూర్చుని, ఎడమకంటితో ఆ విలేకరికి ఉత్తరం రాశాను. ఆ రోజు మూడు గంటలు. మర్నాడు, కొంచెం మర్యాదగా మార్చడానికి ఇంకో మూడు.

పదకొండో రోజు డాక్టరమ్మ చాలాసేపు చూశారు. "రెటీనా కింది అంచున మళ్ళీ నీరు చేరింది. పొజిషనింగ్ చేశారా?"

"దాదాపు" అన్నాను.

"కూర్చోని ఉత్తరం రాసినారు మేడం, ఆరు గంటలు. వైట్ స్పాట్ బ్యాక్టీరియా కాదు, వైరస్ అని" అంది షకీలా.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టారు. "దానివల్లే అని చెప్పలేను. దానివల్ల మేలు జరగలేదని మాత్రం చెప్పగలను" అన్నారు. లేజర్ చేశారు. ఇంకో పన్నెండు రోజులు నేలచూపు.

తిరిగొచ్చేటప్పుడు కారులో తల వంచుకుని ఉన్నాను. షకీలా ఒక్క మాట అనలేదు. మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చోలేనేమో అన్న భయం నాకు మొదటిసారి అక్కడ పుట్టింది. ఆమె తిడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేదని అప్పుడే తెలిసింది. ఆ పన్నెండు రోజులూ ఫోను అమ్మ చేతిలో ఉంది. "చెరువు" అన్న మాట వినబడితే చాలు, కట్టేసేది. నేనూ తల ఎత్తలేదు.

ఇప్పటికి ఏడు నెలలైంది. రెటీనా నిలబడింది. కుడికంటితో చార్టులో నాలుగో వరుస దాకా చదువుతాను, గీతలు కాస్త వంకరగా కనిపిస్తాయి. మైక్రోస్కోపుకు ఎడమకంటిని అలవాటు చేసుకున్నాను. రమణయ్యన్న ఇప్పటికీ శాంపిల్ సీసా బల్ల మీద పెట్టి, "సారూ, ఈ తూరి నలుసులు నా చెరువులోయా, మీ కంట్లోయా?" అని అడిగాకే కూర్చుంటాడు.

మీకు చెప్పగలిగింది ఒక్కటే. రోజూ ఉదయం ఒక్కో కన్ను మూసుకుని గోడ మీది క్యాలెండర్ చూడండి. కొత్తగా నలుసులు, మెరుపులు, తెర, ఏది కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లెన్సులు తుడుస్తూ కూర్చోకండి.

విలేకరి నా ఉత్తరానికి జవాబిచ్చాడు. ధన్యవాదాలు చెప్పి, రాసినదాంట్లో తప్పు దిద్దాడు. మొన్న అమ్మ ఆ కథనం మళ్ళీ పెట్టింది. ఆడియోలో ఆ గొంతు ఇప్పటికీ అదే మర్యాదతో బ్యాక్టీరియా అనే చదువుతోంది. నేను నోరు తెరిచాను.

"తల దించు" అంది అమ్మ.

దించాను.