తోమితే పోయిన సింహం

గల్ఫ్‌లో అల్ వక్రా వెళ్ళే మెట్రోలో నా పక్కనున్నతను ఫోన్‌లో ఒక పిస్తోలు ఫోటోను పెద్దది చేసి చూస్తున్నాడు. నేను మర్యాదగా కొంచెం పక్కకు జరిగాను.

"భయపడకన్నా, మా కఫీల్‌ది, నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు సేఠుది. చెక్ దేశం మిలిటరీ పాత పిస్తోళ్ళు జమ చేస్తడు," అన్నాడు. నేను ఫోన్‌లో తెలుగు వార్తలు చదవడం గమనించినట్టున్నాడు.

యజమాని మజ్లిస్‌లో, అంటే అతిథులను కూర్చోబెట్టే హాల్లో, అద్దాల అల్మారా తుడవడం అతని డ్యూటీ. ఆ పిస్తోలు మీద చిన్న సింహం ముద్ర, పక్కన రెండంకెలు ఉండేవట. సైన్యం దాన్ని ఏ ఏడు తీసుకుందో చెప్పేవి అవే. ఇతను ఉక్కు మీది నల్లపూతను మురికి అనుకుని, ఇత్తడి చెంబు తోమినట్టు పాలిష్ పెట్టి తోమాడు. పిస్తోలు మెరిసింది. సింహం, సంవత్సరం రెండూ పోయాయి.

"ఆయన ఇంకా చూడలే. చెప్తె ఇంటికి పంపిస్తడు, చెప్పకుంటె దొరికిపోత. ఏం జెయ్యాలె?"

"సీరియల్ నంబరు ఉందా?"

"ఉంది. దాంతోని ఏడు అందాజగ తెలుస్తదట. గని సింహం రాదు గదన్నా."

నా దగ్గరున్న ఓదార్పు అంతటితో అయిపోయింది. అతను యజమానికే ఫోన్ చేశాడు.

"బాబా, షేర్ మాఫీ. మై సాఫ్ కియా."

అరబ్బీలో 'మాఫీ' అంటే లేదు అని. సింహం లేదు, నేనే తుడిచేశానన్న కబురును అంత పొట్టిగా ఎవరూ చెప్పి ఉండరు. అవతల అరుపులు. నాకూ వినిపించాయి.

"రేపటి సంది తుడిచే బట్ట ముట్టొద్దన్నడు," అన్నాడు ఫోన్ పెట్టేసి. "నౌకరి ఉన్నట్టా, పోయినట్టా?"

"తీసేసేవాడైతే రేపటి సంగతి ఎందుకు చెబుతాడు తమ్ముడూ?"

అతను నవ్వుకుంటూ దిగిపోయాడు. నా మాటను ఒకరు అంతగా నమ్మడం అదే మొదటిసారి. అది నిజమే అయి ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.