పిన్ని ఆవకాయ సాక్షిగా

ఇది నమ్మకం కోసం ఒక మనిషి చేసిన మహాయాత్ర. నిజానికి విశాఖ నుంచి నార్కట్‌పల్లికి బస్సులో వెళ్లాను, అంతే.

తొంభైల చివర. కంప్యూటర్లో రహస్య ఉత్తరాలకు వాడే నా తాళం, అంటే ఒక పొడవాటి సంకేతం, నాదేనని ఎవరైనా ముఖం చూసి సంతకం చేయాలి. లేకుంటే దాన్నెవరూ నమ్మరు. అందుకు ఒప్పుకున్నది ఈమెయిల్లో పరిచయమైన యూసుఫ్ ఒక్కడే.

అతను రమ్మన్న చాయ్ హోటల్లో అతనికి నా డ్రైవింగ్ లైసెన్సు చూపించాను. హోటల్ నడిపే మల్లమ్మవ్వ దాన్ని లాక్కుంది. ఆ ఫొటో చూస్తే నాకే నమ్మకం కలగదు.

"కాయితం ఎవడన్న చేపిచ్చుకుంటడు. ఈడ నిన్నెరిగినోళ్లు ఎవరున్నరు బిడ్డా?"

"నందికొండ కాలువ ఆఫీసులో గుమాస్తా రాఘవయ్య మా బాబాయండీ."

"మా బిడ్డ గాళ్ల పక్కింట్లనే ఉంటది. మీ చిన్నమ్మ పెట్టే మామిడికాయ తొక్కు ఎట్లుంటది?"

ఒకవైపు వంశగౌరవం, ఒకవైపు తాళం. "ఒట్టి ఉప్పు," అన్నాను.

"ఇంటోడే. బయటోడైతే మంచిగున్నదంటుండె. సంతకం పెట్టు యూసుఫ్, నాది పూచీ."

పెట్టాడు. ఆ తాళంతో నేను పంపిన రహస్య ఉత్తరం ఒక్కటే, అదీ యూసుఫ్‌కే: బస్సు లేటయింది, క్షేమంగా చేరాను.