గ్రైండరూ, వెనక చక్రమూ

మామూలు మనుషుల కారు పచ్చ దీపం వెలిగితే ముందుకు పోతుంది. నా కారు పచ్చ దీపం వెలిగితే విరిగేది.

అది నాకన్నా రెండేళ్లు చిన్నది. పొడవు చూస్తే పెళ్లిపందిరి. ఎరుపు చూస్తే గుంటూరు మిరపకాయ సిగ్గుతో తల దించుకోవాల్సిందే. ఇంజిన్ స్టార్ట్ చేశానంటే అమెరికాలో మేముండే మోరిస్‌విల్ వీధిలో పదకొండు ఇళ్ల కప్పులూ సాసర్లూ భరతనాట్యం చేసేవి. డిక్కీ అడుగున తుప్పు తినేసిన అరచేయంత కంత ఒకటి ఉండేది. దాని మీద రేకుముక్క కప్పి "ఒరిజినల్ కండిషన్" అని చెప్పుకునేవాణ్ణి. రోజంతా ఆఫీసులో ఎవరో రాసిన కోడ్‌లో బగ్గులు ఏరుకునే మనిషికి నలభై ఐదో ఏట దొరికిన పౌరుషం ఆ పాతకాలపు భారీ ఇంజిన్ మజిల్ కారు.

ఊరికి గంట దూరంలో డ్రాగ్ స్ట్రిప్ ఉంది. పావు మైలు తిన్నని రోడ్డు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, దీపం పచ్చబడగానే దూకాలి. ఆ దూకడాన్నే లాంచ్ అంటారు. ఇంజిన్ బలమంతా గేర్ల నుంచి పొడవాటి డ్రైవ్ షాఫ్ట్‌కీ, దాన్నుంచి వెనక యాక్సిల్‌కీ, అక్కణ్ణుంచి చక్రాలకీ ఒక్క రెప్పపాటులో చేరాలి. దారిలో ఎవడు బలహీనుడో వాడు టప్పుమంటాడు.

మొదటి లాంచ్‌లో టప్పుమన్నది డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. షాఫ్ట్ ఊడి రోడ్డు మీద పడి, దీపావళి రాకెట్ల దుకాణం మొత్తం అంటుకున్నట్టు నిప్పులు చిమ్మింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కాసేపు అది నా ఘనతే అనుకున్నాను.

దాన్ని మార్చి ఏనుగు తొండమంత షాఫ్ట్ వేయించాను. రెండో లాంచ్‌లో యాక్సిల్ విరిగింది. ఈసారి ట్రాక్ నిండా ఆయిల్ కారింది. దాన్ని తుడిచేదాకా రేసులు ఆపేశారు. నా వెనక క్యూలో ఉన్న నలభై మంది నన్ను చూసిన చూపులకు నా ఒంటి మీద ఇప్పటికీ బొబ్బలున్నాయి.

విరిగిన ముక్కను ఇంటికి తెచ్చి పక్కింటి డాక్టరు గారికి చూపించాను. ఆయన నలభై ఏళ్ల పాటు అమెరికా వాళ్ల ఎముకలు అతికించి రిటైరైన పెద్దాయన. చేతులు ఊరుకోక ప్రతి శనివారం మజ్జిగ సీసా పట్టుకుని మా గరాజ్‌కి వచ్చేవారు. ముక్కను వెలుతురుకి పెట్టి ఎక్స్‌రే చూసినట్టు చూశారు.

"ఏమోయ్, ఇది స్పైరల్ ఫ్రాక్చర్. గట్టిగా మెలిపెడితే ఇలాగే విరుగుతుంది. స్కీయింగ్‌కి వెళ్లొచ్చిన కాళ్లలో వందలు చూశాను."

"ట్రీట్‌మెంట్ ఏంటి డాక్టరు గారూ?"

"ఇంకా లావు ఎముక వెయ్యి."

లోపలి తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో దోసె అట్లకాడ.

"ఏమండీ, రెండు వింటర్లుగా నా వ్యాను బయటే పడుంది. ఆ చలిలో రోజూ పొద్దున్నే దీంతోనే అద్దం మీద ఐస్ గీక్కున్నాను. గరాజ్ మాత్రం మీ మహారాణికి! ఇదే లాస్ట్ ఛాన్స్. ఈసారి ఒక్క ముక్క విరిగినా, ఒక్క ఆయిల్ చుక్క కారినా, మండే మార్నింగ్ దీన్ని అమ్మేస్తామని నెట్‌లో యాడ్ పెట్టేస్తా."

"గెలిస్తే?"

"గెలిస్తే నాకేం కిరీటం పెడతారా? విరక్కూడదు. కారకూడదు. అంతే."

"ఫెయిర్ డీల్ అమ్మాయ్," అన్నారు డాక్టరు గారు, నా తరఫున, నన్నడక్కుండానే.

ఇక బండిని ఉక్కు మనిషిని చేసే పనిలో పడ్డాం. రోకలిబండలంత యాక్సిళ్లు తెప్పించాను. పార్సిల్ తెచ్చినతను దాన్ని గుమ్మంలో దించి, నడుం పట్టుకుని నాకేసి శాపనార్థాల చూపు చూసి వెళ్లాడు. డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్లోలాగ చేయి చాపి "స్పానర్!" అనడం, నేను అందించడం. నెల తిరిగేసరికి బండి కింద కొత్తది కాని భాగం లేదనుకున్నాం.

అలా అనుకుంటున్న ఒక శనివారం, వంటింట్లోంచి కేక.

"ఏమండీ! ఒకసారి రండి. అంకుల్, మీరూ రండి!"

కౌంటర్ మీద గ్రైండర్ తిరుగుతోంది. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో బట్టలన్నీ తీసేసి మరీ తెచ్చిన గ్రైండర్ అది. పప్పు వేసి స్విచ్ వేస్తే ఎగిరెగిరి పడుతూ, కౌంటర్ ఈ చివర నుంచి ఆ చివరకు వాకింగ్ చేసేది. బెల్టు తెగినప్పుడల్లా నేను కొత్త బెల్టు వేశాను. నాలుగు బెల్టులు. దాని పక్కన ల్యాప్‌టాప్‌లో, రెండో లాంచ్ అప్పుడు మా ఆవిడ కెమెరాతో తీసిన వీడియో నెమ్మదిగా ఆడుతోంది.

"ఇది చూడండి. ఇప్పుడు అది చూడండి."

నేను గ్రైండర్ చూశాను. వీడియో చూశాను. వీడియోలో నా బండి వెనక చక్రం నేల మీద ఉండాల్సింది పోయి బంతిలా ఎగిరి పడుతోంది. ఎగిరినప్పుడు గాల్లో గిర్రున తిరిగి, మళ్లీ నేలకు తగిలిన క్షణంలో సుత్తి దెబ్బలా యాక్సిల్‌ని కొడుతోంది. మూడో దెబ్బకి టప్పు.

మా ఆవిడ గ్రైండర్ ఆపి, కింద ఊడిపోయిన రబ్బరు కాలి స్థానంలో పాత హవాయి చెప్పు ముక్క దోపి, మళ్లీ స్విచ్ వేసింది. గ్రైండర్ ధ్యానంలో కూర్చుంది.

"మీరు బెల్టు మారుస్తూనే ఉంటారు. కాలు చూడరు," అంది.

డాక్టరు గారు నుదురు కొట్టుకున్నారు. "ఏమోయ్, మనం ఎముకలు మార్చుకుంటూ కూర్చున్నాం. కీలు వదులైంది!"

ముగ్గురం గరాజ్‌కి పరిగెత్తాం. ఆయనకు డెబ్బై రెండేళ్లని ఆ పరుగు చూసిన వాళ్లెవరూ నమ్మరు. బండి కింద దూరి చూస్తే, లారీకి ఉన్నట్టే దీనికీ వెనక కమాన్ కట్టలు, అంటే యాక్సిల్‌ని బండికి పట్టి ఉంచే స్ప్రింగు పట్టీలు. వాటి చివర కీళ్లలాంటి బుష్షుల్లో రబ్బరు కుళ్లిన అరటిపండు. లాంచ్‌లో యాక్సిల్ మెలితిరిగి కమాన్ కట్టలు పాములా వంకరపోవడం, మళ్లీ లాక్కోవడం, చక్రం గంతులేయడం. అన్ని ఉక్కు ముక్కల మీద నేను చేసిన తపస్సంతా, అరచేతిలో పట్టే రబ్బరు ముక్కల పాలైంది! కొత్త బుష్షులు వేసి, కమాన్ కట్టలు వంకరపోకుండా కింద గట్టి ఇనప బార్లు బిగించాం.

ఆ ఆదివారం డ్రాగ్ స్ట్రిప్‌లో ఎండ కాలిన పెనంలా ఉంది. లాంచ్‌కి ముందు గడ్డపు ఇన్‌స్పెక్టర్ బండంతా తడిమి చూశాడు. డిక్కీలో ఒక్క వస్తువు కూడా ఉండకూడదని రూలు. అంతా తీసి చూపించాం. పాసైనట్టు స్టిక్కర్ అంటించాడు.

పక్క లేన్‌లో తెల్ల జుట్టు పెద్దాయన, ఆయన పికప్ ట్రక్. నా గుండె చప్పుడుకి ఇంజిన్ చప్పుడు వినపడడం లేదు. పసుపు, పసుపు, పసుపు, పచ్చ! క్లచ్ వదిలాను.

గంతు లేదు. టప్పు లేదు. ఎవరో పహిల్వాన్ నన్ను సీటుకేసి అతికించేశాడు. బండి ముక్కు లేచి ఆకాశం వెడల్పయింది. ఇప్పుడు విరుగుతుందా, ఇప్పుడా, అని చెవులు వెనక్కి పెట్టి వింటూ వింటూ, గేర్ మార్చాలన్న సంగతి మరిచిపోయాను. ఇంజిన్ ఫస్ట్ గేర్‌లోనే కుయ్యోమని ఏడుస్తుంటే ట్రక్ పెద్దాయన ముందుకెళ్లిపోయాడు. అవతలి చివర నేను కిటికీలోంచి రెండు చేతులూ బయటపెట్టి కేకలు వేస్తుంటే, ఆయన ఓడిపోయింది తనే కాబోలని మళ్లీ టైముల బోర్డు చూసుకున్నాడు.

వెనక్కి తెచ్చి పార్క్ చేశాను. మా ఆవిడ టార్చ్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి తొంగి చూసింది.

"ఏమండీ. కారుతోంది."

వెనక యాక్సిల్ మీద నుంచి గోధుమ రంగు చుక్కలు. ఒకటి. రెండు. నా కళ్లముందు సోమవారం పొద్దు పొడిచింది. నెట్‌లో నా ఎర్ర బండి ఫోటో కూడా కనబడింది.

డాక్టరు గారు చుక్కను వేలితో తీసి వాసన చూశారు. నేను ఆపేలోగా నాలుక మీద పెట్టుకున్నారు.

"అల్లం ఎక్కువైంది," అన్నారు.

"ఏంటి?"

"నా మజ్జిగ. ఇన్‌స్పెక్షన్ అయ్యాక, ఎండకి పులిసిపోతుందని డిక్కీలో పెట్టాను. సారీ అమ్మాయ్."

లాంచ్ దెబ్బకి సీసా పగిలి, మజ్జిగ తుప్పునూ మట్టినీ కడుక్కుంటూ కంతలోంచి కిందికి దిగింది. మా ఆవిడ నమ్మలేదు. టార్చ్ ఇంకాస్త దగ్గరకి పెట్టి, యాక్సిల్ మీద అతుక్కున్న ఆకునొకదాన్ని గోటితో గీకి తీసింది. కరివేపాకు.

ఎంత గొప్ప లాయరైనా గేర్ ఆయిల్‌లో కరివేపాకు ఉంటుందని నిరూపించలేడు.

"సరే," అని లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుంది. "బండి ఉంటుంది. వింటర్ మొత్తం నా వ్యాను మీద ఐస్ మాత్రం మీరే గీకండి."

గీకాను. అట్లకాడతోనే.