వస్త అని రాస్తే వస్తనే

ప్రేమలతకు కోపం ఎక్కువని ఆ చర్చిలో అందరూ అనుకునేవాళ్ళు. చూపులేని మనిషికి అంత కోపమేమిటని కొందరు ఆమెకు వినపడేట్టే అనేవాళ్ళు. చూపు పోతే కోపం కూడా పోవాలా అని ఆమె ఒకసారి అడిగేసింది. దాంతో కోపిష్టిదన్న పేరు ఇంకాస్త గట్టిపడింది.

వాళ్ళది ధరూర్ మండలంలో కృష్ణా నది వైపు ఊరు. అమ్మానాన్నలు పుణె దగ్గర రోడ్డు పనులకు పోయినప్పుడు, అక్కడి డేరాల్లో చిన్నతనంలోనే తట్టు పోసి ఆమె చూపు పోయింది. నాన్న ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. అమ్మ విజయమ్మ కూలికిపోయి కూతుర్ని సాకింది, హైదరాబాదులో చూపులేని పిల్లల హాస్టల్లో చేర్పించింది. ప్రేమలత అక్కడే కీబోర్డు నేర్చుకుంది. తిరిగొచ్చాక వారమంతా గద్వాలలో పిల్లలకు సంగీతం చెప్పేది, ఆదివారం సొంత ఊరి చర్చిలో వాయించేది. మెల్లగా తనే పాటలు కట్టడం మొదలుపెట్టింది.

కట్టిన పాటను ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి. అందుకు ఆమెకు ఒక ప్రోగ్రాం దొరికింది. ఏ ఏ దేశాలవాళ్ళో కలిసి ఉచితంగా చేసిపెట్టినది. అందులో బొమ్మల్లేవు, మౌస్ పట్టుకుని లాగాల్సినవేవీ లేవు, అంతా అక్షరమే. ఒక వరుసలో స్వరాలు టైపు చేయాలి, దాని కింద వరుసలో పాట మాటలు. పై స్థాయి స్వరమైతే పక్కన పైన వేలాడే చిన్న గీత ఒకటి కొట్టాలి. ఒక్కో స్వరానికి ఒక్కో అక్షరం అమరితే ప్రోగ్రాం దాన్ని వాయించి వినిపిస్తుంది. ప్రేమలత టైపు చేసిందల్లా కంప్యూటర్లోని గొంతు ఎప్పటికప్పుడు చదివి చెప్తుంది. అందువల్ల ఎవరి సాయమూ లేకుండా, ఎవరినీ బతిమాలకుండా ఆమె తన పాటలన్నీ అందులో పెట్టుకుంది.

ఈస్టర్ దగ్గరపడుతుండగా, పాడేవాళ్ళకు మాటలు పంచడానికని ఆ పాటలున్న పెన్ డ్రైవ్‌ను మహేందర్‌కు ఇచ్చింది. మహేందర్ విత్తనాల కంపెనీలకు సీడు పత్తి వేసే రైతు. గొంతు మంచిది. పాడేవాళ్ళకు పెద్దగా ఉంటున్నాడు. పెన్ డ్రైవ్ తిరిగొచ్చాక ప్రాక్టీసులో అందరి ముందూ కూర్చుని ఆమె మొదటి పాట తెరిచింది. ప్రోగ్రాం వాయించలేదు. నాలుగో వరుస అర్థం కాలేదని చెప్పి ఊరుకుంది. రెండో పాట తెరిస్తే రెండో వరుస అర్థం కాలేదంది. ఏ పాట తెరిచినా అదే తంతు.

పెన్ డ్రైవ్‌లో ఏమన్నా ముట్టావా అని మహేందర్‌ను అడిగింది.

"నేనేం ముట్టలే అక్కా. టైపింగ్‌ల నీకే ఏమన్న తప్పు పడ్డదేమో," అన్నాడతను. వెనక బెంచీల్లో ఎవరో, పాపం, చూడకుండా కొట్టాలంటే తప్పులు పడవా మరి అన్నారు. ఆ పాపం అన్న మాటకు ఆమె చెవులు మండాయి. కానీ తప్పు తనదే అయితే ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి? కంప్యూటర్ మూసుకుని వచ్చేసింది.

గద్వాల పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ముదస్సిర్, వైరస్ ఏమో అన్నాడు. ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. లాభం లేకపోయింది. ప్రోగ్రాం చేసినవాళ్ళకు ఆమె మెయిల్ పెట్టింది. జవాబు మర్యాదగానే వచ్చింది. చూపున్నవాళ్ళనెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని తెర మీద ఏముందో చూడమనండి అని. అది విన్నాక ఆమె అన్నం తినలేదు. చూపున్నవాళ్ళ పక్కన కూర్చునే పని లేకుండా ఉంటుందనే కదా దీన్ని పట్టుకుంది.

ఆ కసితోనే మళ్ళీ మొదలుపెట్టింది. అర్థం కాలేదన్న వరుస ఒక్కటి తీసుకుని, దాని కిందే అదే వరుసను కొత్తగా టైపు చేసింది. రెండింటినీ చదివించుకుంది. గొంతు రెంటినీ ఒకేలా చదివింది. వాయించమంటే ప్రోగ్రాం కొత్తదాన్ని వాయించింది, పాతదాన్ని మాత్రం అర్థం కాలేదంది. చెవికి ఒకటే అయిన రెండు వరుసల్లో ఒకటి సరైంది, ఒకటి తప్పు. అంటే ఈ గొంతు తన దగ్గర ఏదో దాస్తున్నది. ఇన్నేళ్ళు కంటిలా నమ్మింది దాన్నే.

అక్షరాన్ని చదవకుండా కంప్యూటర్ లోపల దానికుండే నంబరు చెప్పించే మీటలు ఉన్నాయని ఆమెకు తెలుసు. ఎప్పుడూ అవసరపడలేదు. ఇప్పుడు ఒక్కో అక్షరం మీద ఆగి నంబరు అడుగుతూ పోయింది. పై స్థాయి గీత దగ్గర దొరికింది. కొత్త వరుసలో దాని నంబరు ముప్ఫైతొమ్మిది. పాత వరుసలో ఎనిమిదివేల రెండువందల పదిహేడు. ఒకటి నిటారు గీత, ఇంకొకటి వంకర గీత. ఫోన్లలో రాతల యాప్‌లు అందం కోసమని వాటంతట అవే నిటారు గీతను వంకర తిప్పుతాయని ముదస్సిర్ ఫోన్లో చెప్పాడు. ఆమె ఆ పాటలను ఫోన్లో ఎన్నడూ తెరవలేదు.

అయినా మహేందర్ ఊరికే తెరిచి చూశాడేమోలే అనుకుంది. వంకర గీతలన్నిటినీ ఒక్కసారిగా నిటారు గీతలుగా మార్చి పాట వాయించమంది. ఈసారి ప్రోగ్రాం వేరే మాట చెప్పింది: మాటలు ఎక్కువయ్యాయి, స్వరాలు చాలలేదు.

అప్పటిదాకా ఆమె స్వరాల వరుసలే వింటూ వచ్చింది. మాటలు కంఠతా వచ్చినవే కదా అని వినలేదు. ఇప్పుడు విన్నది. పొద్దు గుంకక ముందే నీ దగ్గరకు వస్తాను, అని చదివింది గొంతు.

వాకిట్లో పల్లికాయ ఒలుస్తున్న విజయమ్మను పిలిచి, గొంతు పెంచి అదే వరుస వినిపించింది. విజయమ్మ కాసేపు విని, "గిది ఎవ్వరి పాట బిడ్డా?" అని అడిగింది.

ప్రేమలత రాసింది "పొద్దు గూకకముందె నీ కాడికి వస్త" అని. పుణెలో పనికి పోతూ, డేరాలో ఒంటరిగా వదిలిన బిడ్డతో విజయమ్మ రోజూ అన్న మాట అది. చూపు పోయిన పిల్లకు అమ్మ తిరిగొస్తుందన్న నమ్మకం ఆ ఒక్క మాటలోనే ఉండేది. ఆ తల్లి మాటనే దేవుడి నోట పెట్టి ఆమె పాట కట్టింది. ఇప్పుడు ఆ పాటను కన్నతల్లే గుర్తుపట్టలేదు.

మిగతావీ విన్నది. యాడ అన్నచోటల్లా ఎక్కడ అయింది. పోత అన్నది పోతాను అయింది. మహేందర్ ఒక్క పాటనూ వదల్లేదు. దిద్దినవాటినే ఆమె అసలు రాతల స్థానంలో ఎక్కించి ఇచ్చాడు.

తర్వాతి ప్రాక్టీసుకు తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. కీబోర్డు తెరవలేదు. పాటల్లో మాటలు ఎవరు మార్చారని అందరి ముందూ అడిగింది.

మహేందర్ దాచలేదు. "తప్పులు దిద్దిన అక్కా. పుస్తకాలల్ల గిట్ల రాయరు గద. పండుగకు మల్దకల్ నుంచి, గద్వాల నుంచి మంది వస్తరు, నవ్వుతరు."

"ముట్టలే అన్నవు గద మొన్న."

"స్వరాలు ముట్టలే అక్కా. నీకు కనవడదు గద, తప్పులు పడ్డయనుకున్న. చెప్తె నీకు కోపమొస్తదని చెప్పలే."

"కనవడదు," అంది ప్రేమలత. ఆమె గొంతు పెరగలేదు. "నాకు కనవడదని అందరికీ ఎరుకే. నా నోట్లె మాట ఏందో నాకు ఎరుకలేదని నీకు ఎవరు చెప్పిన్రు? వస్త అని రాస్తే వస్తనే. మా అమ్మ గట్లనే అన్నది, నీ అమ్మ గూడ గట్లనే అంటది. తప్పు పడ్డదనుకుంటె అడగనీకె నీకు నోరు లేదా? నువ్వు దిద్దినవు, నన్ను నా తప్పు ఎతుక్కోమన్నవు."

పాస్టరు జాన్ అయ్యగారు లేచి, పండుగ ముందు ఈ పట్టింపులు వద్దమ్మా, తెలియక చేశాడు, క్షమించెయ్ అన్నారు.

"క్షమిస్తనో లేదో తర్వాతి సంగతి అయ్యగారు. ముందుగాల నా పాట నాకు కావాలె."

మహేందర్ తలవంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ ఈస్టరుకు అతను పాడలేదు.

ప్రేమలత పాటలన్నీ మళ్ళీ విని, జ్ఞాపకం మీద ఒక్కో మాటా వెనక్కి తెచ్చుకుంది. చాలావరకు వచ్చాయి. పాతదొక పాటలో రెండు వరుసలు మాత్రం తను అలాగే రాసిందో, అతను దిద్దాడో ఎంత తలబద్దలు కొట్టుకున్నా తేలలేదు. అందుకు వచ్చినంత కోపం ఆమెకు చర్చిలో కూడా రాలేదు.

ఆ కోపమంతా పెట్టి ప్రోగ్రాంవాళ్ళకు రాసింది. అర్థం కాలేదని చెప్పి చేతులు దులుపుకుంటే ఎట్లా, నిటారు గీత ఉండాల్సినచోట వంకరది ఉందని చెప్పాలి, మాటలు ఎక్కువైతే ఏ మాట దగ్గర ఎక్కువయ్యాయో చెప్పాలి అని. తప్పు ఫోనుదే కానీ మా ప్రోగ్రాంది కాదని ఒకతను వాదించాడు. తప్పు ఎవరిదైనా చెప్పేవాడు సరిగ్గా చెప్పాలని ఈమె పట్టు వదల్లేదు. తప్పు వరుసలు, సరైన వరుసలు జతలు జతలుగా పంపింది. కొత్త వెర్షన్లో ఆ రెండూ చేర్చారు. మీ ఓపికకు కృతజ్ఞతలు అని రాశారు. ఓపిక కాదు, కోపం అని తిరిగి రాసింది.

ఈస్టర్ నాడు చర్చి నిండింది. పొరుగూళ్ళవాళ్ళూ వచ్చారు. పాటలు రాసినవి రాసినట్టే పాడారు. ఎవరూ నవ్వలేదు, పనిగట్టుకుని మెచ్చుకున్నవాళ్ళూ లేరు.

వానలు పడ్డాక ఒకరోజు మహేందర్ ఇంటికొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ పాడాలని ఉందన్నాడు. విజయమ్మ లోపలికి రమ్మని చాప వేసింది. ప్రేమలత ప్రింటు తీసిన కొత్త పాట కాగితం అతని చేతికిచ్చింది.

"అక్కా, గీడ 'యాల్లపొద్దుకు' అని ఉన్నది. గట్లనే పాడాల్నా?"

"గట్లనే."

అతను పాడాడు. రెండో చరణంలో శ్రుతి కిందికి జారింది. ప్రేమలత కీబోర్డు మీద ఆ స్వరం ఒక్కటి గట్టిగా నొక్కిపట్టింది, అతను దాన్ని అందుకునేదాకా.