ఆ రికార్డులో అరిచింది నేనే

పోయిన ఏడాది మా చిన్నమ్మాయి తన ఫోను నా ముందుకు జరిపి, "అమ్మా, ఇది మీ రికార్డే కదా?" అని అడిగినప్పుడు నేను అలచందలు ఒలుస్తూ ఉన్నాను. మేం వయసులో ఉండగా చేసిన గ్రామఫోను రికార్డును ఒక విదేశీ కంపెనీ మళ్ళీ వేస్తోందట. కొత్త అట్ట, కొత్త బొమ్మ, వెనకవైపు ఎవరేం వాయించారో పేర్లు. ఒక పక్క మా కడప బృందం 'కరువు', రెండో పక్క కర్నూలువాళ్ళ బృందం 'మసి'. మా వైపు పాటలకు గొంతు, రచన అన్నచోట మా మేనమామ కొడుకు పేరుంది. నా పేరు ఎక్కడా లేదు. ఆ గొంతు నాది, ఆ మాటలు నావి. అలచందలు ఒలిచే ఓపిక ఆ పూటకు పోయింది.

నా ఈడువాళ్ళకు అది ఎట్లాంటి సంగీతమో కొంచెం చెప్పాలి. మనం భజనలూ రేడియో పాటలూ విని పెరిగినవాళ్ళం. దీన్ని డూమ్ మెటల్ అంటారు. గిటారు తీగల్ని బాగా వదులు చేసి, పాడె వెంట నడిచినంత నెమ్మదిగా, గోడలు అదిరేటంత బరువుగా వాయిస్తారు. దాని మీద గొంతు చీలిపోయేలా అరిస్తే అది ఇంకాస్త నల్లబడుతుంది కాబట్టి బ్లాకెన్డ్ అన్న మాట కూడా ముందు తగిలిస్తారు. వినగానే దయ్యాల పూజ అనుకునేవాళ్ళే ఎక్కువ. దయ్యాలతో మాకేం పని? మా ఊళ్ళో ఉన్న ఎండే మాకు చాలు.

అప్పుడు నేను ఎర్రగుంట్లలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆ మేనమామ కొడుకే మా బావ, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సెలవురోజున మిషన్లు ఆపేశాక, ఇద్దరు స్నేహితుల్ని పోగేసుకొని ఆ షెడ్డులోనే గిటార్లూ డ్రమ్ములూ వాయించేవాడు. వాయించడం వచ్చింది గాని అరవడం రాలేదు, రాతిపొడి పీల్చిన గొంతు కాబట్టి నోరు తెరిస్తే దగ్గు వచ్చేది. ఆ ఎండాకాలం మా వీధికి నీళ్ళ ట్యాంకరు రాక శానా దినాలైంది. చివరకు వచ్చినవాడు మా బిందెలన్నీ దాటుకొని పోయి, వీధి చివరి పెద్దమనిషి తొట్టి నింపడానికి పైపు వేశాడు. నాకేమైందో తెలియదు, బండికి అడ్డంగా నిలబడి అరిచాను. ఆ అరుపు నాదేనా అని నేనే బెదిరిపోయాను. ట్యాంకరువాడు పైపు తీసి మా బిందెల వైపు తిప్పాడు. ఏదో పనిమీద మా ఇంటికొచ్చిన బావ అరుగు మీద నిలబడి అంతా విన్నాడు. "మే, ఆ అరుపును ఒకతూరి షెడ్డుకు తెచ్చుకో" అన్నాడు.

అట్లా చేరాను. మాటలు కూడా నేనే రాసుకున్నాను, దానికి పెద్ద కవిత్వమేం అక్కరలేదు. మా నాయన చేలో బోరు మీద బోరు వేయించి, నీళ్ళకు బదులు తెల్లదుమ్ము పైకి లేచినప్పుడల్లా ఆ గొయ్యి పక్కన కూర్చొని ఏమీ మాట్లాడకుండా చూసేవాడే, ఆ చూపుకు మాటలు పెట్టుకుంటూ పోయానంతే. సెలవునాడు అరిచి మరునాడు బొంగురు గొంతుతో పద్యాలు చెబుతుంటే పిల్లలు నవ్వేవాళ్ళు, మా అమ్మ మిరియాల కషాయం పోసేది.

కర్నూలులో ఇట్లాంటిదే ఇంకో బృందముందని తెలిసి, రెండు బృందాలూ కలిసి ఒకే రికార్డు చేద్దామనుకున్నాం. ఒక పక్క మాది, ఒక పక్క వాళ్ళది, ఖర్చూ చెరిసగం. ఈ సంగీతమంటే పిచ్చి ఉన్న ఒక విదేశీయుడు కొద్ది రికార్డులు వేసిస్తానన్నాడు. అట్టకు పేర్లు పంపే సమయానికి బావ తలగోక్కుంటూ, పెళ్ళి కావాల్సిన పిల్ల పేరు దీని మీద ఎందుకు, రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్తామన్నాడు. అయితే ఎవరి పేరూ వద్దన్నాను నేను. కర్నూలువాళ్ళూ సరేనన్నారు. పేర్లు లేకుండానే అచ్చయింది.

రికార్డయితే వచ్చింది గాని దాన్ని వినడానికి మా ఎవరి దగ్గరా మిషను లేదు. కర్నూలు బృందంలో డ్రమ్ములు వాయించే అబ్బాయి వాళ్ళ నాయనకు మైకుసెట్టు దుకాణముండేది, అందులో పాత రికార్డు ప్లేయరు ఒకటి మూలన పడి ఉంటే దాన్ని తుడిచి వాళ్ళింట్లో పెట్టాడు. అందరం బస్సెక్కి పోయాం. మా పాట మొదలైన కాసేపటికి వాళ్ళమ్మ చేతి పిండి కడుక్కోకుండానే వంటింట్లోంచి వచ్చి, "ఎవరమ్మా ఈ పిల్ల? ఇంత దుఃఖం యాడిది?" అంది. అది ఆడపిల్ల గొంతని ఎవరూ చెప్పకుండానే అంత గోలలోనూ ఆమె పట్టేసింది. నేనే అని తెలిశాక నా తల నిమిరి, పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టింది.

తర్వాత మామూలే. నాకు పెళ్ళయింది, సర్కారు బడిలో ఉద్యోగమొచ్చింది. బావ బెంగుళూరు పోయాడు. రికార్డు బీరువాలో చీరల కింద ఉండిపోయింది.

ఇన్నేళ్ళకు ఈ కొత్త అట్ట చూసి బావకు ఫోను చేశాను.

"ఏంది బావా, గొంతు దగ్గర నీ పేరుండాది?"

"వాళ్ళు పేర్లు అడిగినారు మే. ఎవరో ఒకరిది రాయాల గదా."

"ఆ ఎవరో ఒకరు నేనెందుకు కాకపోతి?"

"ఆడమనిషి గొంతంటే ఎవరు నమ్ముతారు? అయినా హెడ్మిస్ట్రెస్సువు, నీకెందుకు ఈ గోల?"

ఒళ్ళు మండింది. అప్పుడు పెళ్ళి కావాల్సిన పిల్లనని వద్దన్నాడు, ఇప్పుడు పెద్ద ఉద్యోగస్తురాలినని వద్దంటున్నాడు. ఈ రెంటికీ నడుమ నేను అరిచానని చెప్పుకోవడానికి నాకు తగిన వయసంటూ ఒకటి వచ్చిందా? పైగా ఏదో ఇంటర్వ్యూలో, గండికోట లోయ అంచున నిలబడి అరవడం నేర్చుకున్నానని కూడా చెప్పాడట. గండికోటకు మేమంతా ఒకసారి పోయిన మాట నిజమే. ఆయన అక్కడ గొడుగు కింద కూర్చొని పులిహోర తిన్నాడు.

కర్నూలు డ్రమ్ముల అబ్బాయికి ఫోను చేశాను. అబ్బాయి అంటున్నాను గాని ఆయనకూ గడ్డం నెరిసింది, మైకుసెట్టు దుకాణం ఇప్పుడు ఆయనే చూసుకుంటున్నాడు. నేను చెప్పిందంతా విని, "మా అమ్మ బతికింటే నీ తరఫున కొట్లాడేది అక్కా. నీ పేరు వేయందే మా పక్క పాటలు మేమియ్యం. ఒక్క పక్కతో రికార్డు ఎట్లేస్తారో వేసుకోమను" అన్నాడు. అన్నట్టే కంపెనీకి రాశాడు.

కంపెనీవాళ్ళు నన్ను మర్యాదగానే అడిగారు, ఆ గొంతు మీదేనని తెలిసేదెట్లా అని. చూపిద్దామనుకున్నాను. మా ఆయన కిటికీలు మూసి వీడియో తీయడానికి ఫోను పట్టుకున్నాడు. గొంతు సవరించుకొని, నాయన బోరు గొయ్యి పక్కన కూర్చున్న తీరు తలుచుకొని, మా పాటలో మొదటి చరణం అరిచాను. మా ఆయన ఫోను వెనక ముఖం దాచుకున్నాడు, భయమో నవ్వో నేను అడగలేదు. ఎదురింటావిడ తలుపు కొట్టి, "ఏమైంది మేడం?" అనడిగితే, పాట పాడుతున్నానని చెప్పి పంపించాను. అబద్ధం కాదు కదా.

పేరు మార్చారు. నా పేరున్న రికార్డు ఇంటికి వచ్చింది. మా అమ్మాయి దాన్ని గోడకు తగిలిస్తానంటే సరేనన్నాను.

పోయిన నెల ప్రొద్దుటూరులో మా బంధువుల పెళ్ళికి బావ కూడా వచ్చాడు. నన్ను చూసి వేరే వరసలో కూర్చొని భోంచేశాడు. నేనూ పలకరించలేదు. ఆ షెడ్డులో ప్రతి పాటకూ కొట్లాడుకొనేవాళ్ళం, ఈ చోట అరుపు వద్దని తను, ఈ చోట గిటారే వద్దని నేను. స్కూటరు మీద నన్ను ఇంటి దగ్గర దింపేదాకా ఆ తగువు సాగేది, అయినా వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చి హారను కొట్టేవాడు, నేనూ చెప్పులేసుకొని బయటికి పరుగెత్తేదాన్ని. అప్పటి కోపాలకు అంత తేలిగ్గా వెనక్కి వచ్చే దారి ఉండేది. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, తను చేయడు. తప్పు తనది కాబట్టి నేనూ చేయను.