తోటికోడలి ఫ్లాపీ

ఇన్షిరాహ్‌కు కడుపుమంట కొత్త కాదు. మన్సూరాలోని అత్తగారింటికి రావియా రెండో కోడలిగా వచ్చిన రోజే అది మొదలైంది. రావియా వండిన మొలోఖియా ఆకుకూర పులుసును మామగారు రొట్టెతో గిన్నె తుడిచి మరీ తింటారు. రావియా పిల్లలకు జలుబు చేయదు. ఆఖరికి మిద్దె మీద ఒకే తీగకు ఆరేసినా రావియా బట్టలే ముందు ఆరుతాయి. నవ్వకండి. ఒకే కప్పు కింద తోటికోడలితో బతికి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

వీధి చివర మసీదువాళ్ళు నడిపే దవాఖానా ఉంది. అక్కడి డాక్టర్ ఇజ్లాల్‌కు రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్న కోరిక పుట్టింది. డేటాబేస్ తయారుచేసి తెచ్చి, దవాఖానా కంప్యూటర్లో నడిపి చూపించిన అమ్మాయికి ఉద్యోగం ఇస్తానని చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి ఇన్షిరాహ్‌కు నిద్ర లేదు. కామర్స్ డిప్లొమా చదివిన మనిషి ఆమె. పెళ్ళయ్యాక ఆ చదువు దుప్పట్ల కింద పడి ఉంది. వీధిలో అందరికీ ఆమె ‘కరీం వాళ్ళమ్మ’. ఆ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ ఎవరైనా ఇన్షిరాహ్ అని పేరు పెట్టి పిలుస్తారు. ఆమెకు కావలసింది అంతే.

మావాళ్ళు పని పూర్తయ్యేదాకా నోరు విప్పరు. విప్పితే కన్ను పడుతుందని భయం. అందుకని ఇన్షిరాహ్ కూరగాయలకని చెప్పి బజారుకు వెళ్ళి, వహీద్ కంప్యూటర్ కొట్టులో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సీడీ అడిగింది. కొత్త రకం వచ్చాక పాతది ఎందుకమ్మా అని అతను కొత్తదే ఇచ్చాడు. పాఠాల పుస్తకం పాత పుస్తకాల అంగడిలో దొరికింది. రెండూ బియ్యం డబ్బాలోకి చేరాయి. దవాఖానాలో ఏ రకం ఉందో ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడిగితే ఊరంతా తెలిసిపోదూ! అడగలేదు.

ఇంటికి వచ్చి చూస్తే పుస్తకం వెనక అట్టకు ఉండవలసిన పాఠాల సీడీ లేదు, ఎవరో పీకేశారు. ప్రతి పాఠమూ ‘సీడీలోని నమూనా తెరవండి’ అంటుంది. ఏం తెరుస్తుంది?

ఈలోగా రావియా ఏం చేసిందో తెలుసా? నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయి, మీ కంప్యూటర్లో ఏ రకం ఉందని అడిగింది. అదే పాత రకం సాఫ్ట్‌వేర్‌ను అన్నతో తెప్పించుకుంది. పుస్తకం తెప్పించుకుంది, పాఠాల సీడీతో సహా. అంతా తెచ్చి అత్తగారి హాల్లో, ఇంటిల్లిపాదికీ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు పరిచి కూర్చుంది. అత్తగారు ఫహీమా హాజ్జా తలుపు మూసుకుని చేసుకోవే అని తిట్టినా వినలేదు. పైగా ఇన్షిరాహ్‌ను చూసి పక్కకు జరిగింది.

“నువ్వూ రా అక్కా, ఇద్దరం కలిసి నేర్చుకుందాం.”

“నాకెందుకు తల్లీ ఈ గోల? నా పొయ్యి నాకుంటే చాలు,” అంది ఇన్షిరాహ్.

నాలుక కోసుకోవాలనిపించింది. ఒకసారి ఆ మాట అన్నాక పాఠాల సీడీ ఇమ్మని ఏ మొహంతో అడుగుతుంది? పైనుంచి కిందికి దిగినప్పుడల్లా ఆ సీడీ వంక చూడటం, లోలోపల ఉడికిపోవడం, ఇదే పని అయిపోయింది. హాలు ఖాళీగా ఉన్నప్పుడు తన కొత్త రకాన్ని కూడా అదే కంప్యూటర్లో ఎవరికీ కనపడకుండా ఎక్కించుకుంది గానీ, గుడ్డిగా తడుముకోవడమే తప్ప ముందుకు సాగలేదు.

పిల్లలు పాడుచేస్తారని రావియా తన పనంతా ఒక ఫ్లాపీలోనే దాచుకునేది. దవాఖానాకు వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం ఆమె మేడ మీద ఆకుకూర తరుగుతోంది. ఫ్లాపీ కంప్యూటర్ పక్కనే ఉంది. ఇన్షిరాహ్ చూద్దామనే తన కొత్త రకంలో తెరిచింది. చూస్తే కళ్ళు చెదిరాయి. రోగి పేరు, వయసు, వాడే మందులు, ఒక్క మీట నొక్కితే పాత జబ్బులన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. పైన మూలకు చిన్న పువ్వు కూడా పెట్టింది మహాతల్లి. ఆ పువ్వే ఆమెను నిలువునా కాల్చింది.

దీన్ని కొత్త రకంలోకి మార్చమంటావా అని కంప్యూటర్ అడిగింది. మారిస్తే పాత రకంలో ఇక తెరుచుకోదని పుస్తకంలో చదివింది. తెలిసే మార్చింది. ఫ్లాపీలోని పాతదాన్ని తీసేసి, మార్చినదానికి ఆ పేరే పెట్టింది.

మర్నాడు రావియా మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. ఇదేం ఫైలో నాకు తెలియదు పొమ్మందట దవాఖానా కంప్యూటర్, అందరి ముందూ. డాక్టరమ్మ జాలిపడి శనివారం దాకా గడువిచ్చిందట. ఇన్షిరాహ్‌కు సంతోషం వేసింది, అబద్ధమెందుకు? అంతలోనే ఇంకో సంగతి తట్టింది. తన సాఫ్ట్‌వేర్‌తో తను ఏం చేసినా అదీ అక్కడ తెరుచుకోదు. ఆ కుర్చీ తనకూ లేనట్టే.

అత్తగారికి మాత్రం అనుమానమే లేదు. కన్ను పడింది, అంతే. కాగితాన్ని బొమ్మగా కత్తిరించి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, రావియాను ముందు కూర్చోబెట్టింది. ఒక్కొక్కరి పేరు చెబుతూ బొమ్మను సూదితో పొడవాలి, ఆ తర్వాత కాల్చేయాలి. అత్తగారి చేతులు వణుకుతాయని రావియా సూది తీసి ఇన్షిరాహ్‌కు అందించింది.

“నువ్వు పొడువక్కా. ఈ ఇంట్లో నా మేలు కోరేది నువ్వే.”

ఇన్షిరాహ్ పొడిచింది. ఎదురింటావిడ కన్ను, మేనత్త కన్ను, దర్జీవాడి పెళ్ళాం కన్ను. పేర్లు అయిపోయాయి. సూది ఆగలేదు.

“ఇన్షిరాహ్ కన్ను,” అంది.

ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంది.

“అదీ పద్ధతి,” అంది అత్తగారు మెచ్చుకోలుగా. “ఇంట్లోవాళ్ళనీ వదలకూడదు. నా పేరూ చెప్పి పొడు.”

రావియా కళ్ళు తుడుచుకుని పకపకా నవ్వింది. పోతే పోయింది, మొదటి పాఠంనుంచి మళ్ళీ చేస్తాను, ఈసారి నువ్వు పక్కన కూర్చోవాల్సిందే అక్కా అని చెయ్యి పట్టుకుంది. అంత పోగొట్టుకుని అంత తేలిగ్గా నవ్వగలిగిన ఆ మనిషిని చూసేసరికి ఇన్షిరాహ్‌కు మళ్ళీ కడుపు భగ్గుమంది.