జవాన్ల సమాధుల దగ్గర బాబాయిగారు

మా పక్కింటి బాబాయిగారు పోయారన్న సంగతి నాకు ఏలూరు స్టేషన్‌లో జట్కా అతను చెప్పాడు. తాడేపల్లిగూడెంలో అక్కయ్య ఇంట్లో నాలుగు రోజులుండి వస్తున్నాను. "జొరం వచ్చిందండి. నిన్ననే సమాధి చేసేశారండి" అన్నాడు. ఇంటికి వచ్చి చూస్తే ఆయన మగ్గం మీద తివాచీ సగంలో ఆగి ఉంది. పలకరించడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. భార్య ఏనాడో పోయింది. పిల్లలు లేరు.

ఆయన జర్మనీ యుద్ధంలో సిపాయిగా సముద్రం దాటి బస్రా ఎడారికి వెళ్ళి, కుంటికాలితో తిరిగి వచ్చి, మళ్ళీ మగ్గం దగ్గరే కూర్చున్నారు. మతం వేరైనా చిన్నప్పటి నుంచి నాకు ఆయన బాబాయిగారే. నేను బడిపంతుల్నయ్యాక ఆయన నన్ను మాస్టారూ అనడం మొదలుపెట్టారు. వద్దన్నా మానలేదు.

మీలో చాలామంది చూసి ఉండరు, ఊరి చివర కాలవగట్టున తొమ్మిది సమాధులున్నాయి. ఆ యుద్ధం నుంచి జబ్బుతో వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో కన్నుమూసిన సిపాయిలవి. ఏడాదికొకసారి అధికారులు వచ్చి దండలు పెట్టి వెళ్ళేవారు. మిగతా రోజులు బాబాయిగారివి. ఎవరూ చెప్పకుండానే, శుక్రవారం నమాజు కాగానే కొడవలీ బిందే పట్టుకుని నడిచి వెళ్ళేవారు. గడ్డి కోసి, రాళ్ళు కడిగి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించేవారు. ఒక రాయి మీద మాత్రం పేరు లేదు. దాని దగ్గర ఎక్కువసేపు ఉండేవారు.

"ఈయన్ని పిలవడానికి పేరు తెలీదు కదండీ. అందుకని కాసేపు కూర్చుంటాను" అనేవారు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, నేను ఖద్దరు కట్టిన కొత్తలో, ఒకసారి అడిగాను. "దొరల యుద్ధానికి వెళ్ళినవాళ్ళకి ఈ సేవ ఎందుకండీ, బాబాయిగారూ?"

ఆయన కొడవలి ఆపలేదు. "కూడు లేక వెళ్ళారండీ, మాస్టారూ. గడ్డి కోయడానిక్కూడా ఏ పక్షం వాళ్ళో చూడాలాండీ?"

సిగ్గేసింది. పై శుక్రవారం బిందె నేను మోశాను.

ఆ మరుసటి ఏడు కొల్లేటికోట నుంచి ఒక ముసలావిడ వచ్చింది. కొడుకు బస్రాలో పోయాడని కాగితం అందింది తప్ప ఆవిడకి ఇంకేమీ తెలియదు. ఇక్కడ సిపాయిల సమాధులున్నాయని ఎవరో చెబితే పడవెక్కి, ఆపైన నడిచి వచ్చింది.

"మావోడు ఏ రాయి కింద ఉన్నాడు బాబూ?"

పేరులేని రాయి చూపిస్తే నమ్మి వెళ్ళిపోతుంది కదా అనిపించింది నాకు. ఆ మాటే బాబాయిగారి చెవిలో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మీ అబ్బాయి ఇక్కడ లేడమ్మా. అక్కడే ఇసకలో ఉన్నాడు. అక్కడ పోయినవాళ్ళని చాలామందిని నా చేతుల్తో పూడ్చాను."

ఆవిడ నేల మీద కూలబడింది. ఏడవలేదు. తలెత్తి అడిగింది.

"అక్కడ గడ్డెవరు తీత్తారు?"

"అక్కడ గడ్డి మొలవదమ్మా."

ఆవిడ పేరులేని రాయి కేసి చూసింది. "మరి ఈ బాబుకి ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా."

ఆవిడ లేచి వెళ్ళి, ఆ రాయిని కొంగుతో తుడిచింది.

తర్వాత రెండు వేసవులు వచ్చింది. మూడో వేసవికి రాలేదు. ఆ ఏడు బాబాయిగారు శుక్రవారాలే కాదు, రోజూ వెళ్ళి గట్టు మీద దారి చూస్తూ కూర్చున్నారు. వానలు పడ్డాక మళ్ళీ శుక్రవారాలే వెళ్ళారు. ఆవిడ మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న శుక్రవారం మొదట ఆయన సమాధి దగ్గరికి వెళ్ళాను. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. అక్కణ్ణుంచి కాలవగట్టుకు ఒక్కణ్ణే వెళ్ళాను. కొడవలి పట్టడం చేతకాక వేలు కోసుకున్నాను. గట్టు మీద మేత మోసుకుపోతున్న ఒకావిడ ఆగింది.

"మీవాళ్ళాండీ?"

"అవునండీ" అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. ఎండ బాగా కాస్తోంది. తొమ్మిదో రాయి కడిగేసరికి మొదటి రాయి ఆరిపోయింది.